తోస్తే వచ్చే తలుపు

కూర్చోమంటే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, పెట్టుకున్నాక ఇక్కడ ఒళ్ళో పెట్టుకోవచ్చో లేదో గుర్తు రాక తీసి మోకాళ్ళ మీద ఆనించింది, అలాగైతే ఇంకా తప్పుగా కనిపిస్తుందేమోనని మళ్ళీ ఒళ్ళోకే తెచ్చుకుంది. ఎదురుగా తలుపు. లేత నీలం రంగు వేసిన తలుపు, కింద బూట్లు తగిలి తగిలి రంగు లేచిపోయింది. దాని వెనక పెద్దమేడం, అంటే ఈ ఆడవాళ్ళ జైలుకంతటికీ అధికారి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. మాటలు అర్థం కావు, గొంతు మాత్రం మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు మరుగుతున్నట్టు వస్తోంది. పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇక్కడే, అని చెప్పి తాళాలమ్మ వరండా చివరికి పోయింది. తాళాలమ్మంటే వార్డరు. నడుముకి తాళాల గుత్తి, నడుస్తుంటే ముందు గుత్తి వస్తుంది, వెనక మనిషి వస్తుంది. ఆ గుత్తి చప్పుడు దూరమైతే ప్రాణం కుదుటపడాలి. పడలేదు సరికదా భయం రెట్టింపయింది. కాపలా లేకుండా ఒక్కతే ఒక బెంచీ మీద కూర్చోవడం ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఇటు వచ్చి, ఒక్కదానివే ఇక్కడేం చేస్తున్నావని అడిగితే? పిలుస్తారన్నారండీ అనాలి. ఎవరన్నారంటే? తాళాలమ్మ అనకూడదు, అది తాము వెనకాల పెట్టుకున్న పేరు, మరి ఆవిడ అసలు పేరేమిటి? గుర్తు రాదు. నోటికి తాళాలమ్మే వస్తోంది. అదొక తప్పు పడుతుంది. పైగా ఒంటికి వెళ్ళాలనిపిస్తోంది, అడగడానికి మనిషి లేదు. ఫినాయిలు వాసన ముక్కుల్లోంచి గొంతులోకి దిగుతోంది.

లోపల ఆమెను నెమ్మదమ్మ అంటారు. మనిషిని చంపిన కేసులో వచ్చినదానికి ఆ పేరు పెట్టారంటే జైల్లో ఆడవాళ్ళకి వెటకారం చావలేదన్నమాట. పెట్టింది పొడుగక్క, ఒకే గదిలో పక్క మంచం. నెమ్మదిగా తింటుంది, నెమ్మదిగా నడుస్తుంది, వరసలో నిలబెడితే ముందున్నదాని వీపుకి ఊపిరి కూడా తగలనంత ఎడంగా నిలబడుతుంది. అలా నిలబడే పచ్చ బిళ్ల సంపాదించింది. ఇక్కడ మంచితనానికి రంగులున్నాయి. ఎర్ర బిళ్ల తగిలించుకున్నదానికి పని ఉండదు, చూడ్డానికి మనుషుల్ని రానివ్వరు, గోడలుంటాయి, కావలసినంత సేపు చూసుకోవచ్చు. పసుపు బిళ్లకి లోపలి పని, అద్దం ములాఖత్. మందపాటి అద్దానికి అటొకరు ఇటొకరు కూర్చుని గోడకి వేలాడే ఫోన్లో మాట్లాడుకోవాలి, మాట్లాడిందంతా ఎక్కడో రికార్డవుతూ ఉంటుంది. పచ్చ బిళ్లయితే పగలు వ్యానెక్కి బయట పనికి వెళ్ళి సాయంత్రం తిరిగి రావచ్చు, ములాఖత్ బల్ల దగ్గర. బల్లంటే మామూలు బల్లే. చుట్టూ కుర్చీలు, మధ్యలో అద్దం లేదు. పిల్లలు లేచి ఇటు రావచ్చు, ఆనుకుని నిలబడొచ్చు, చెవిలో ఏమైనా చెప్పొచ్చు. దీన్నంతటినీ కలిపి కాగితాల మీద పునరావాసం అని రాస్తారు. ఆడదాన్ని దారిలో పెట్టాలంటే బిడ్డని ఒక చేత్తో చూపించి రెండో చేత్తో దాచేయాలని కనిపెట్టినవాడెవడో గాని, వాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది.

గోడ అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. బల్లల హాలు అక్కడే, పెద్దమేడం గదిని ఆనుకుని. అద్దాల గది మాత్రం చాలా అవతల, గేటు పక్కన. కూతురు వచ్చే ఉంటుంది. ఏ గదిలో కూర్చోబెట్టారు? పచ్చ బిళ్ల వచ్చాక ఇదే మొదటి ములాఖత్, బల్ల దగ్గరే కూర్చోబెట్టాలి, కాని మొన్నటి గొడవ తరువాత ఇంకా ఆ బిళ్ల తనదేనా? గుండెల మీద తడిమి చూసుకుంది. ఉంది. ఉంటే ఉంది, తీయడానికి ఎంతసేపు. వదిన ఆలస్యం చేసే మనిషి కాదు, తమ్ముడి శవాన్ని కూడా అనుకున్న వేళకే ఇంట్లోంచి కదిలించింది. వదినంటే చనిపోయిన మొగుడి అక్క. పిల్లని పెంచుతున్నది ఆవిడే. పోయినసారి అద్దం అవతల పిల్ల చేతిలోంచి ఫోను తీసుకుని, దుకాణంలో మనిషికి చెప్పినట్టు చెప్పింది, ఇదే ఆఖరు, ఇంక దీన్ని అద్దం దగ్గరికి తీసుకురాను, ఇంటికెళ్ళాక ఒళ్ళు కాలిపోతుంది, తిండి ముట్టదు, బల్ల దగ్గరైతే తెస్తాను, లేకపోతే పెద్దదయ్యాక తనే వస్తుంది, వస్తే. ఆ 'వస్తే' దగ్గర గొంతులో కసి లేదు. కసి ఉన్నా బాగుండేది, కసి మీద ఎప్పటికైనా నీళ్ళు పోయొచ్చు. అలసట మీద ఏం పోస్తారు? నా తమ్ముణ్ణి లేకుండా చేసిన మనిషివి, నీ కూతురి తల దువ్వుతున్నాను, ఇంకేం చెయ్యమంటావు, అని ఆ ముఖంలో రాసి ఉంది.

ఇదంతా లాండ్రీలో తలుపు తెచ్చిన తంటా. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది, పచ్చ బిళ్లల వాళ్ళని కొందరిని అక్కడికి పంపుతారు. మొదటి రోజు వ్యాను దిగి, అంత వెడల్పున్న రోడ్డు చూసి వ్యాను డోరు పట్టుకుని వదల్లేదు. లాండ్రీ నడిపే ఆవిడ, అందరూ లాండ్రీ అక్క అంటారు, మోచేతుల దాకా ఆవిరి మచ్చలు, వచ్చి చెయ్యి పట్టుకుని, రామ్మా, రోడ్డు కరవదు అంది. అప్పటి నుంచి పని బాగానే సాగింది. వేడి వేడి గుడ్డలు, తెల్లటి గుడ్డలు, ఎవరెవరి రోగాలో వదిలిపోయిన గుడ్డలు, వాటి మీద అరచెయ్యి పెట్టి సాపు చేస్తుంటే కాసేపు భయం తెలిసేది కాదు. మొన్న, సాయంత్రం పని కట్టేసే ముందు, మడతపెట్టిన దుప్పట్ల దొంతర గడ్డం దాకా ఎత్తుకుని సామాను గదిలోకి వెళ్ళింది. అరల్లో సర్దింది, మడత అంచులన్నీ ఇటే కనపడేలా. ఆ గది తలుపు ఎటు తోస్తే అటు పోయేది, దుప్పట్ల బండ్లు వెళ్ళడానికి వీలుగా పెట్టించింది. ఎప్పుడూ ఇటుక అడ్డం పెట్టి ఉంచుతారు. ఆ రోజు ఎవరో ఇటుక తీశారు. తలుపు దానంతటదే వచ్చి మూసుకుంది. వెనక్కి తిరిగి చూసింది. మూసి ఉన్న తలుపు ముందు ఎలా నిలబడాలో అలా నిలబడింది. కాస్త ఎడం వదిలి, కాళ్ళు దగ్గరగా, చేతులు వెనక్కి, ముఖం తలుపు వైపు. తెరిచేవాళ్ళకి మొదట ముఖం కనపడాలి, తరువాత ఖాళీ చేతులు చూపించాలి. నిలబడింది. అవతల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. చెప్పుల చప్పుడు, ఎవరో ఎవరినో వేళాకోళం చెయ్యడం, లైట్లు ఆర్పండే అని లాండ్రీ అక్క కేక. వ్యాను హారను. ఇప్పుడు తెరుస్తారు. మళ్ళీ హారను. ఇదిగో ఇప్పుడు. తలుపుకి ఇటు గడియ లేదు, తాళం కన్నం లేదు, ఒట్టి చెక్క, అదంతా చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ, ఎవరైనా రండి తల్లీ, బండి పోతోంది, నా బల్ల పోతోంది, నా పిల్ల పోతోంది అని లోపల్లోపల గోలపెడుతూ, చేతులు వెనక్కి కట్టుకునే నిలబడింది. చెవుల వెనక నుంచి చెమట మెడలోకి కారింది. వ్యాను కదిలిన చప్పుడు విని కూడా నిలబడింది. జైలు గేటు దగ్గర తలలు లెక్కపెడితే ఒక తల తక్కువొచ్చింది, విజిళ్ళు వేశారు, వ్యాను వెనక్కి తిప్పారు. తాళాలమ్మ గది గదీ వెతుక్కుంటూ వచ్చి బూటు కాలితో ఆ తలుపుని ఒక్క తోపు తోసింది. లోపల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ మనిషిని, తలుపుని, మళ్ళీ మనిషిని చూసింది.

"తోస్తే వస్తుంది కదే," అంది.

కోర్టులో కూడా ఆ మాటే. తోశావా, తోయలేదా. అవతలి లాయరు అడిగిందే అడిగాడు, ఊళ్ళో సగం మేడలకి నిచ్చెనలేసుకుని రంగులు వేసినవాడమ్మా నీ మొగుడు, ఎక్కడా జారనివాడు సొంత ఇంటి మెట్ల మీద జారాడా అన్నాడు, వెనకాల కూర్చున్న జనం నవ్వారు. జారాడండీ అంది. ఆమె లాయరు నేర్పిందే అది. పై కోర్టులో ఇప్పటికీ అదే నడుస్తోంది, జారాడు. నువ్వు మాత్రం నోరు జారకు, వాడే జారాడని చెప్పు, అని తన చమత్కారానికి తనే మురిసిపోయాడు ఆయన. మెట్ల మీద ఏం జరిగిందో ఎవరికి చెప్పింది గనక. మణికట్టు పట్టుకోవడం మొగుడికి అలవాటు. ఒప్పుకో అనేవాడు. ఏం ఒప్పుకోవాలో చెప్పేవాడు కాదు, ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు. గోళ్ళ సందుల్లో రంగు ఎండిపోయిన వేళ్ళు, నొక్కితే లోపల ఎముక పక్కకి జరిగేది. నలుగురిలో ఉన్నప్పుడు కూడా పట్టుకునేవాడు, చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండేది. ఆ రోజు పట్టుకున్నది ఆమె చెయ్యి కాదు. పిల్ల బడి సంచితో పై మెట్టు మీద ఉంది, దాని చెయ్యి. ఒప్పుకో అంటున్నాడు, నవ్వుతూనే అంటున్నాడు, పిల్ల ముఖం పాలిపోతోంది. తోయడమంటే ఎంత? తలుపు తోసినంత. అంతకంటే బలం పెట్టలేదు, ఆ చెయ్యి వదిలితే చాలనుకుంది. వదిలాడు. తరువాత చప్పుడు చాలాసేపు వచ్చింది, మెట్లు అన్ని ఉన్నాయని అప్పుడే తెలిసింది. అతని చొక్కా గుడ్డ ఇప్పటికీ అరచేతులకి తగులుతూ ఉంటుంది, ఏ దుప్పటి మీద చెయ్యి వేసినా ముందు అదే తగులుతుంది. ఆ రోజు ఎందుకు తోశావని అడిగిన లోకమే మొన్న ఎందుకు తోయలేదని అడుగుతోంది. ఏ రోజు తోయాలో ఏ రోజు తోయకూడదో ఎవరైనా ముందు చెబితే కదా.

చెప్పారు, ఎందుకు చెప్పలేదు, లోపలికొచ్చాక బాగానే చెప్పారు. కొత్తలో తలుపు బాదింది. పిల్లకి జ్వరమని ఎవరి ద్వారానో తెలిసి, ఒక్కసారి ఫోను చేయించండమ్మా అని రెండు చేతులతో బాదింది. ఎర్ర బిళ్ల తగిలించారు. ఎండలు ముదిరి, వానలు పడి, మళ్ళీ ఎండలు వచ్చేదాకా పిల్ల ముఖం చూడనివ్వలేదు. అప్పుడు తెలిసొచ్చింది, ఇక్కడ తలుపులు మనుషులవి కావు, ప్రభుత్వానివి. ముట్టుకోకూడదు, ఆనుకోకూడదు, సందులోంచి చూడకూడదు. తరువాత ఊపిరి క్లాసులో వేశారు. దానికి పెద్ద పేరేదో ఉంది, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం గురించి, ఆడవాళ్ళంతా ఊపిరి క్లాసనే అంటారు. చెప్పే మేడం మంచిదే, వాళ్ళింట్లో ఎవరూ ఎవరి చెయ్యీ మెలిపెట్టి ఉండరు, అలా ఉంటుంది మాట. కోపం వస్తే ఏం చెయ్యాలి? ఆగాలి మేడం. ఆగి? ఊపిరి తీసుకోవాలి మేడం. చేతులు? వెనక్కి మేడం. ముక్కు దురద పుడితే మేడం, అని పొడుగక్క అడిగింది, క్లాసు క్లాసంతా గొల్లుమంది, అల్లరి చేసినందుకు పొడుగక్క పచ్చ బిళ్ల పోయింది. ఆవిడ ముసలి తల్లికి చెవుడు, అద్దం దగ్గర ఫోన్లో ఏమీ వినపడదు, ఇప్పుడు ఇద్దరూ అద్దానికి అటూ ఇటూ కూర్చుని చేతులూపుకుని, కళ్ళు తుడుచుకుని లేచిపోతారు. ఒక్క జోకు ఖరీదది. నెమ్మదమ్మ ఆ రోజు నవ్వలేదు. అందరికంటే బాగా నేర్చుకుందని మేడం అందరి ముందూ మెచ్చుకుంది కూడా. బాగానే నేర్చుకుంది, ఎవరూ కాదనడానికి లేదు.

గొంతు ఆగింది. లోపల ఫోను పెట్టేసినట్టున్నారు. పిలుస్తారు. పిలిచి ఒక్కటే అడుగుతారు, తాళం వేసి ఉందా, లేదా. లేదంటే దాక్కున్నట్టు, పారిపోవడానికి సందు చూసుకున్నట్టు, నేరుగా ఎర్ర బిళ్ల. ఉందంటే బతికిపోతుంది. లాండ్రీ అక్క మొన్న వెనక్కొచ్చిన వ్యాను దగ్గర భుజం మీద నూలుపోగు దులుపుతున్నట్టు వంగి చెవిలో ఊదింది, బయటి నుంచి తాళం నేనే వేశానంటాను, మనిషుందని చూసుకోలేదంటాను, వ్యాను తిరిగొచ్చాక తీశానంటాను, నువ్వూ అదే అను. ఎందుకంత దయ ఆవిడకి? తాళం వేసి మర్చిపోయిన లాండ్రీకి జైలు వాళ్ళు ఇంక మనుషుల్ని పంపుతారా? పంపకపోతే మిగతా ఆడవాళ్ళ పచ్చ బిళ్లలు ఏం కాను? నిన్న బట్టలారేస్తూ పొడుగక్క కూడా అదే పోరు, వేసి ఉందని చెప్పవే, నీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు, నిజం చెప్పి ఇక్కడ బాగుపడ్డదాన్ని ఒక్కదాన్ని చూపించు, దాని బట్టలు జీవితాంతం నేనుతుకుతా అంది. వేసి ఉంది. వేసి ఉందమ్మా. నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగానే పడుతోంది మాట. జారాడండీ అనేది కూడా ఇలాగే తిప్పి చూసుకుంది ఆ రోజు, బాగానే పడింది. అది పోయి ఎవరికి తగులుతుందో చూసుకోలేదు.

పిల్లని అడిగారు అప్పట్లో, విడిగా, బొమ్మలున్న గదిలో కూర్చోబెట్టి, నాన్న ఎలా పడ్డాడమ్మా అని. అమ్మ తోసింది అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదుట, బొమ్మల్ని కూడా ముట్టుకోలేదుట. అమ్మేమో జారాడంటోంది. ఇన్నేళ్ళుగా అంటూనే ఉంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నట్టే కదా, అమ్మ అబద్ధమాడుతుందని ఏ పిల్ల నమ్ముతుంది? పోయినసారి అద్దం అవతల రెండు చేతులతో ఫోను పట్టుకుని, అద్దానికి ఆవిరి పట్టేంత దగ్గరికి వచ్చి అడిగింది, నేను అబద్ధం చెప్పానామ్మా అని. ఎక్కడో రికార్డవుతున్న ఫోను. పిల్ల పక్కనే వదిన, వెనకాల తాళాలమ్మ, ఆ వెనక పై కోర్టు. జడ ఎవరు వేశారే, వంకరగా ఉంది, అంది. తనే అంది, ఈ నోటితోనే. నేనే వేసుకున్నా అని పిల్ల వెనక్కి జరిగింది, ఆవిరి కాసేపుండి పోయింది. అందుకు కావాలి బల్ల. ఒళ్ళో కూర్చోబెట్టుకునే వయసు దాటిపోయింది పిల్లకి, ముద్దులకి సిగ్గుపడుతుంది కూడా. దాని చెవి ఒక్కటి కావాలి, ఎవరికీ వినపడకుండా ఒక్క మాట పోయడానికి. ఈ రోజు బల్ల పోతే వదిన తీసుకురాదు, పిల్ల ఆ అబద్ధాన్ని తనదే అనుకుని మోస్తూ పెరుగుతుంది, పెళ్ళిలో, పురిట్లో, ముసలితనంలో దాన్నే మోస్తుంది. వేసి ఉందమ్మా. వేసి ఉందమ్మా. తడారిన నోట్లో ఆ మాటని తడుపుకుంటూ కూర్చుంది.

గుత్తి చప్పుడు వచ్చింది, వెనక తాళాలమ్మ వచ్చింది, లే అంది, నీలం తలుపు తెరిచి పట్టుకుంది. లోపలికి వెళ్ళాక వెనకాల అది మూసుకుంది, తాళాలమ్మ బయటే ఉండిపోయింది. గది చిన్నది. బల్ల మీద చల్లారిన టీ, కాగితాల దొంతరలు, పెద్దమేడం కళ్ళద్దాలు తీసి పెట్టి ముక్కు మీద పడ్డ నొక్కులు రుద్దుకుంటోంది. కుడి పక్క గోడకి ఇంకో తలుపు, దాని అవతల నుంచే కుర్చీల చప్పుడు. అటు చూడకూడదనుకుంటూ అటే చూసింది.

"తాళం వేసి ఉందా?" అంది పెద్దమేడం.

వేసి ఉందమ్మా. నాలుక మీదే ఉంది మాట. నోరు తెరిచింది.

"లేదమ్మా."

అన్నది తనేనా? పెద్దమేడం కళ్ళద్దాలు పెట్టుకుని అప్పుడు తలెత్తి చూసింది. "లాండ్రీ ఆవిడ ఇప్పుడే ఫోన్లో చెప్పింది, తనే తాళం వేశానని."

అయిపోయింది. ఇంతసేపూ గోడ వెనక మరిగిన మాట అదన్నమాట. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన మనిషిని ఒక్క ముక్కతో అబద్ధాలకోరుని చేసేసింది. అప్పుడు అబద్ధమాడి కూతుర్ని, ఇప్పుడు నిజం చెప్పి ఈవిణ్ణి. నోరు తెరిస్తే చాలు, పక్కనున్నవాళ్ళ మీద పడుతుంది.

"నా కోసం అలా చెప్పిందమ్మా. ఆవిణ్ణేమీ అనకండి."

"తాళం లేకపోతే మరి బయటికెందుకు రాలేదు?"

"ఎవరూ తెరవలేదమ్మా."

"నువ్వే తెరుచుకోవచ్చుగా."

"నేనా అమ్మా?"

పెద్దమేడం నిలబడ్డ మనిషిని కాళ్ళ నుంచి చూసుకుంటూ వచ్చింది, వెనక్కి కట్టుకున్న చేతుల దగ్గర చూపు ఆగింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఎంతమంది చేతులు అలా వెనక్కి పోగా చూసి ఉంటుందో, ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. చల్లారిన టీ ఒక గుక్క తాగింది. సోమవారం కమిటీ ముందు పెడతాను, వాళ్ళేమంటే అది, బిళ్ల అప్పటిదాకా ఉంచుకో అంది. మీవాళ్ళు బల్ల దగ్గరే ఉన్నారు, ఇటు నుంచి వెళ్ళు అని కుడి పక్క తలుపు వైపు గడ్డం ఊపింది. ఫోను మోగింది. ఎత్తి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది.

తలుపు దగ్గరికి వెళ్ళింది. కాస్త ఎడం వదిలి ఆగింది. పెద్దమేడం లేవదు, తాళాలమ్మ ఇక్కడ లేదు. వెళ్ళమన్నారు, తెరవమనలేదు. కావాలనే చేస్తున్నారా? కుర్చీ అటు తిప్పుకున్నా కిటికీ అద్దంలోంచి చూస్తూ ఉండొచ్చు. తెరిస్తే, ఇప్పుడు తెరవగలిగినదానివి మొన్నెందుకు తెరవలేదంటుంది, చెప్పిన నిజం కాస్తా అబద్ధమైపోతుంది, దాక్కుందని రాసేస్తారు. తెరవకపోతే, పాపం నిజమే చెప్పింది గాని తలుపు కూడా తీసుకోలేనిదానికి బయట పనేమిటి, బల్లేమిటి, ఇంకొంతకాలం ఊపిరి క్లాసులో వేయండి అంటుంది. ముట్టుకున్నా పోతుంది, ముట్టుకోకపోయినా పోతుంది. ఆగాలి మేడం. ఊపిరి తీసుకోవాలి మేడం. ఊపిరి అందడం లేదు. చెక్క అవతల, మరీ దగ్గరలో, ఎవరో పిల్ల అడుగుతోంది, అత్తా, టైమైపోతే పంపించేస్తారా అని. ఎవరో పిల్ల కాదు. గొంతు మారింది, ఫోన్లో కంటే లావుగా ఉంది, అయినా అదే. చేతులు వెనక నుంచి ఊడి ముందుకి వచ్చాయి. అరచేతులు చెక్కకి ఆనాయి. చొక్కా గుడ్డ తగిలింది, వెచ్చగా, లోపల రొమ్ము ఎముకతో సహా. కళ్ళు మూసుకుని తోసింది. రాలేదు. ఇంకాస్త బలంగా తోసింది. కదల్లేదు. తాళం. ఇది నిజంగా తాళం వేసిన తలుపు, తనేం చేస్తుందో చూడ్డానికి వేసిన తలుపు, చూసేశారు, తోస్తుంది, ఇది ఇంకా తోసే మనిషేనని తెలిసిపోయింది. చెమట కళ్ళలోకి దిగింది. చేతులు తీయాలన్నా రావడం లేదు.

వెనక నుంచి పెద్దమేడం, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల తిప్పకుండానే, "లాగాలమ్మా," అంది. "అది తోస్తే రాదు."

లాగింది. హాలు గోలంతా ఒక్కసారి మీద పడింది, పిల్లల ఏడుపులు, గ్లాసుల చప్పుడు, ఎవరిదో పెద్ద నవ్వు. రమ్మన్నవాళ్ళు లేరు, ఆగమన్నవాళ్ళు లేరు. మొదటి బల్ల దగ్గరే ఉన్నారు ఇద్దరూ. వదిన బిస్కెట్ల పొట్లానికి కట్టిన దారం విప్పుతూ, ఇంత ఆలస్యమైతే ఎలా, మాకు బస్సు దొరకొద్దా అంది, కూర్చోమనలేదు. పిల్ల లేచి ఇటు వచ్చింది. భుజం దాకా ఎదిగింది, ముట్టుకుందామా వద్దా అన్నట్టు ఒక అడుగు అవతలే ఆగింది. దగ్గరికి లాక్కుంది. చెవి దొరికింది. ఎన్నాళ్ళుగానో గొంతులో పెట్టుకు తిరిగిన మాట, బయటికి వచ్చేటప్పటికి గాలి తప్ప శబ్దం లేదు. పిల్ల తల వెనక్కి తీసి ముఖంలోకి చూసింది.

"వినపళ్ళేదు," అంది. "మళ్ళీ చెప్పు."

తాళాలమ్మ హాలు మధ్యలో నిలబడి ఇటే చూస్తోంది. వదినకీ తనకీ మధ్య ఉన్నది ఒట్టి బల్ల. పై కోర్టు ఉంది, లాయరు మురిపెం ఉంది, సోమవారం ఉంది. పిల్ల కళ్ళు తిప్పడం లేదు. ఈసారి చెవి వెతుక్కోలేదు, ఆ కళ్ళలోకి చూసే చెప్పింది.

"నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. నేనే తోశాను."

దారం విప్పుతున్న వదిన చేతులు ఆగిపోయాయి.